పిల్లల పుస్తకాల బీరువాకు తాళమెందుకు?

మొన్న గ్రంథాలయ వారోత్సవాల రోజుల్లో ఒక్కరోజే మూడు కార్యక్రమాలకు హాజరై, రాత్రి ఆఖరి బస్సులో నిలబడి ఊరు చేరాను. ఉదయం జిల్లా కేంద్రంలో గ్రంథాలయ మహాసభ, మధ్యాహ్నం అదే ఆవరణలో బాలల పుస్తక ప్రదర్శన, సాయంత్రం తిరుగుదారిలో ఒక శాఖా గ్రంథాలయంలో పిల్లలకు కథలు. ఆరో తరగతి చదివే మా అన్నయ్యగారి మనవరాలిని కూడా వెంట తీసుకువెళ్లాను.

పది గంటలకన్న సభ పదకొండున్నరకు మొదలయింది. దండలు, శాలువాల సంగతి చెప్పనక్కరలేదు. మాట్లాడిన ప్రతివారూ అయ్యంకి వెంకటరమణయ్యగారిని తలచుకున్నారు. తలచుకోవలసిందే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వారినందరినీ ఒకచోట చేర్చిన మహాసభ ఆయన కృషి ఫలితమే. అప్పుడు గ్రంథాలయాలకు చట్టం లేదు, సెస్సు లేదు. అయినా 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం నేటికీ నిలిచి ఉంది. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది. ఊరికే కూర్చున్నవారి చేతికి పుస్తకం అందించాలన్నది ఆయన ఆలోచన. చదివేవాడు రాలేదని నిందించక, వాడున్న చోటికే పుస్తకాన్ని పంపారన్నమాట.

ఈ మాటలు చెవిలో ఉండగానే భోజనాలయ్యాక ప్రదర్శనకు వెళ్లాం. బల్లలమీద రంగురంగుల బొమ్మల పుస్తకాలు ఎంతో ముచ్చటగా పేర్చారు. వాటి ముందు ఒక అట్ట: ‘పుస్తకాలు ముట్టుకోరాదు’. మా పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి అట్టలమీది పేర్లు చదువుకుంటూ వెళ్లింది. పక్కనే బడిపిల్లల్ని వరుసలో నడిపించి ఇవతలికి తెచ్చేశారు. పుస్తకాలు వాడుకోవడానికేనన్నది ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో చెప్పిన మొదటి సూత్రం. ఉదయం వేదిక వెనుక గుడ్డమీద రాయించింది కూడా అదే!

సాయంత్రం శాఖా గ్రంథాలయంలో ముప్పైమంది దాకా పిల్లలు చేరారు. రిటైరయిన మాస్టారొకరు కథ మొదలుపెట్టి, మంచి పట్టులో ఉండగా ఆపి, “మిగతాది ఈ బీరువాలో ఉంది, వెతుక్కోండి” అన్నారు. పిల్లలంతా ఒక్కసారిగా లేచారు. బీరువాకు తాళం. తాళంచెవి ఇంటి దగ్గర ఉంది. సైకిలుమీద మనిషి వెళ్లి తెచ్చేదాకా పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఒక్క పిల్లవాడు కూడా కదలలేదు.

గ్రంథపాలకుణ్ణి నేను తప్పుపట్టను. “పుస్తకం పోతే నా జీతంలో కోస్తారేమోనని భయమండీ” అని ఆయనే చెప్పాడు. పిల్లలు చదివితే పుస్తకం చిరుగుతుంది. పదిమంది చదివి చిరిగిన పుస్తకాన్ని నష్టం కింద రాసే లెక్క ఉన్నంతకాలం బీరువాకు తాళం పడుతూనే ఉంటుంది. అలాంటి పుస్తకాన్ని వాడకం కింద కొట్టివేసి, కొత్తది కొనే ఏర్పాటు కావాలి. కూలికి పోయే ఇంటి పిల్లవాణ్ణి డిపాజిట్టు కట్టమనడం మాత్రం నాకు అర్థం కాదు. బడి హెడ్మాస్టరు సంతకం చాలదా?

డబ్బు లేదంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతోంది. రూపాయికి ఎనిమిది పైసలు. పంచాయతీ ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వీధిదీపం వెలగకపోతే సర్పంచిగారిని నిలదీస్తాం. ఈ పైసలు చేరవలసిన చోటికి చేరాయా అని మనలో ఎందరం అడిగాం? నేనూ అడగలేదు. మహాసభ తీర్మానాల్లో బకాయిల మాట ఉంది కాని, పిల్లల మాట చివరన ఒక వాక్యంలో సరిపెట్టారు.

ఆ సాయంత్రం పదకొండు పుస్తకాలు పిల్లల చేతుల్లో బయటికి వెళ్లాయి. మాస్టారు పూచీ ఉంటే గ్రంథపాలకుడు నోటుబుక్కులో పేర్లు రాసుకుని ఇచ్చాడు. మా పిల్ల తన పుస్తకాన్ని బస్సులోనే సగం చదివింది. పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఇక్కడినుంచి ఎనిమిది కిలోమీటర్లు. ఈసారి నేను తీసుకువెళతాను. తీసుకువెళ్లేవారు లేని పిల్లల సంగతేమిటి? ఆనాడు పడవకు ఎక్కించిన పుస్తకాల పెట్టెను ఈనాడు బస్సుకు ఎక్కించలేమా? నెలకు యాభై పుస్తకాలు మా ఊరి బడికి పంపి, పాతవి తీసుకుపోతే చాలు. వచ్చే గ్రామసభలో సెస్సు లెక్కతోపాటు ఈ పెట్టె సంగతి కూడా అడగబోతున్నాను. పక్క ఊళ్లవారు కూడా అడిగితే బస్సులో ఆ పెట్టెకు చోటు తప్పక దొరుకుతుంది.