బిల్టీ మీద సరుకు విలువ రాయించుకుందాం



నూలు ధర, కరెంటు బిల్లు, కూలి రేటు గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. కానీ మగ్గం దిగిన చాదర్, టవల్ సోలాపూర్ దాటి వ్యాపారి దుకాణం చేరేలోపు పోతే, తడిస్తే ఎవరు బాధ్యులన్న మాట మాత్రం మన మధ్య రాదు. బేల్ కట్టి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు పంపి, బిల్టీ చేతికొస్తే పని అయిపోయిందనుకుంటాం. నిజానికి మన హక్కంతా ఆ బిల్టీలోనే ఉంది. అందులో ఏం రాయించామో చూసుకునేవాళ్లు తక్కువ.

ఈ హక్కు నిన్న మొన్నటిది కాదు. సోలాపూర్‌కు రైలు వచ్చిన కొన్నేళ్లకే, 1865లో, బ్రిటిష్ సర్కారు క్యారియర్స్ యాక్ట్ తెచ్చింది. కిరాయి తీసుకుని అందరి సరుకూ మోసేవాడు తన నిర్లక్ష్యం వల్ల సరుకు పోతే నష్టం కట్టాలని ఆ చట్టం చెప్పింది. నిర్లక్ష్యం జరిగిందని రుజువు చేసే బరువు సరుకు యజమాని మీద పెట్టలేదు. బంగారం, గడియారాలు, పట్టు లాంటివి 100 రూపాయల విలువ దాటితే ముందే ఆ విలువ చెప్పాలంది. మామూలు నూలు బట్ట ఆ జాబితాలో లేదు. అంటే పట్టు పంపేవాడు నోరు విప్పి విలువ చెప్పాలి, నూలు చాదర్ పంపేవాడు చెప్పకపోయినా హక్కు పోదు.

తర్వాత సర్కారు చూపు సరుకు మీద నుంచి బండి మీదకు మళ్లింది. 1939 మోటారు వాహనాల చట్టం లారీలకు పర్మిట్లు పెట్టింది. రైల్వే ఆదాయానికి లారీలు గండి కొట్టకూడదన్న ఆలోచన కూడా దాని వెనుక ఉంది. 1988 చట్టం పర్మిట్లను కొంత సులువు చేసింది. సరుకు కిరాయిల మీద ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్రాలకు ఉన్నా, మనకు తెలిసిన కిరాయి మాత్రం బజారు చెప్పిందే. అమెరికాలో పెద్ద వ్యాపారులకు రైలు కంపెనీలు చాటుగా కిరాయి తగ్గించి చిన్నవాళ్లను ముంచుతుంటే, 1887లో అక్కడి సర్కారు రేట్లు బయటపెట్టి తీరాలని చట్టం చేసింది. ఏ దేశమైనా చిన్నగా సరుకు పంపేవాడి బాధ ఒకటే.

మన 1865 చట్టం స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ యాక్ట్ వచ్చి, 2011 మార్చి 1 నుంచి అమలైంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు రిజిస్టర్ చేసుకోవాలి. సరుకు పంపేవాళ్లు గూడ్స్ ఫార్వార్డింగ్ నోట్ రాసివ్వాలి. ఇవి మంచివే. కానీ అసలు మెలిక నష్టపరిహారంలో ఉంది. ఎక్కువ రిస్క్ రేటు కడతామని ముందే ఒప్పుకోకపోతే, పరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. అదీ మనం నోట్‌లో రాసిన విలువకు లోబడే.

ఒక లెక్క వేసి చూడండి. 40,000 రూపాయల టవళ్ల బేల్‌కు కిరాయి 300 అనుకుందాం. బేల్ పోతే వచ్చేది 3,000. మిగతా 37,000 ఎవరి జేబులోంచి? కార్ఖానాదారు జేబులోంచి. ఆ తర్వాత వారం ఆ కార్ఖానాలో కూలి ఆలస్యమవుతుంది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల మనుషుల నేరం వల్లే సరుకు పోతే చట్టంలో లెక్క వేరే ఉంది. కానీ అక్కడ కూడా మొదట చూసేది మనం నోట్‌లో ఏం రాశామన్నదే.

ఇక్కడే మా అభ్యంతరం. 2018 ఏప్రిల్ 1 నుంచి 50,000 దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు తప్పనిసరి. అందులో సరుకు విలువ రూపాయితో సహా ఉంటుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు కూడా ఉంటుంది. జకాత్ నాకాలు పోయాయని సంతోషించాం, నిజంగానే రోడ్డు మీద ఆగడం తగ్గింది. కానీ పన్ను దగ్గర మన సరుకు విలువ సర్కారుకు పక్కాగా తెలుసు. అదే సరుకు పోయిన రోజున మాత్రం విలువ పక్కన పెట్టి కిరాయి చూడమంటుంది. ఇదేం న్యాయం?

లారీవాళ్ల మాటలోనూ నిజముంది. 300 కిరాయి తీసుకుని లక్షల పూచీ ఎలా మోస్తామంటారు. కాదనం. అందుకే చట్టం రిస్క్ రేటు దారి చూపింది. ఆ దారి మనకు ఎవరూ చెప్పరు, మనమూ అడగం. పైగా పన్ను భయంతోనో, అలవాటుగానో విలువ తగ్గించి రాసేవాళ్లు మనలో లేరా? తగ్గించి రాసిన విలువే రేపు మన మెడకు చుట్టుకుంటుంది.

గడువు సంగతి ఇంకా ముఖ్యం. బుకింగ్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావా వేయడానికి లేదు. మన వ్యాపారమంతా ఉద్దెర మీద నడుస్తుంది. ఆరేడు నెలల తర్వాత డబ్బులిచ్చేటప్పుడు వ్యాపారి "నాలుగు డజన్లు తక్కువొచ్చాయి" అని కోసుకుంటాడు. అప్పటికి మన నోటీసు గడువు దాటిపోయి ఉంటుంది.

కాబట్టి మా మాట రెండు ముక్కల్లో. మన వంతుగా ప్రతి బుకింగ్‌కూ అసలు విలువ రాయిద్దాం, రిస్క్ రేటు ఎంతో అడుగుదాం, సరుకు ముట్టిన వారంలోనే తక్కువ-ఎక్కువలు రాసి పంపమని వ్యాపారికి చెబుదాం. సర్కారు వంతుగా, ఈ-వే బిల్లులో ఉన్న విలువనే పరిహారానికీ ఒప్పుకున్న విలువగా తీసుకోవాలని, రిస్క్ రేటు ప్రతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బోర్డు మీద రాయాలని సంఘం తరఫున అడుగుదాం. ఒక్క కార్ఖానాదారు అడిగితే "వేరే ఆఫీసు చూసుకో" అంటారు. సాఖర్ పేట్ నుంచి అక్కల్‌కోట్ రోడ్ దాకా అందరం ఒకే మాట అడిగితే అలా అనలేరు.

వచ్చే సమావేశానికి మీ పాత బిల్టీలు ఒకటి రెండు తీసుకురండి. విలువ గడిలో ఏం రాసి ఉందో కలిసి చూద్దాం.

జై మార్కండేయ.