కువైట్ వంటింట్లో వచ్చే భాష మన బళ్లో ఎందుకు రాదు?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి... ఏ పేటలోకి వెళ్లినా గల్ఫు వెళ్లొచ్చిన ఆడవాళ్లు కనబడతారు. కువైట్, మస్కట్, దుబాయ్. చాలామంది అయిదో తరగతి దాటనివాళ్లే. కొందరికి సంతకం కూడా రాదు. అయినా రెండేళ్లు తిరిగేసరికి అరబ్బీ మాట్లాడతారు. పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ మనిషితో వచ్చీరాని ఇంగ్లీషులో కష్టసుఖాలు చెప్పుకుంటారు. జీతం ఆపితే ఎందుకాపావని కఫీల్‌ని అడుగుతారు. వాళ్లకి గ్రామరు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మాట్లాడకపోతే పొద్దు గడవదు కాబట్టి మాట్లాడారు. తప్పులతోనే మాట్లాడారు. మాట్లాడగా మాట్లాడగా వచ్చింది.

ఆ తల్లి పంపిన డబ్బుతో చదివే పిల్లాడు పదేళ్లు ఇంగ్లీషు పాఠం వింటాడు. టెన్త్ పాసవుతాడు. అమలాపురంలోనో కొత్తపేటలోనో కాలేజీలో చేరతాడు. నీ గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పవయ్యా అంటే తల దించుకుంటాడు. తల్లికి వచ్చింది కొడుక్కెందుకు రాలేదు? తెలివి తక్కువా? కాదు. ఆ తల్లికి నోరు తెరవక తప్పలేదు. ఈ పిల్లాణ్ని పదేళ్లూ నోరు తెరవనివ్వలేదు. అసలు సంగతి ఇదీ.

మీడియం మీద గొడవ చాలా జరిగింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెడతామని జీవో 81, జీవో 85 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల్ని అడిగితే నూటికి 96 మంది ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. మంచిదే. ఇంగ్లీషు కావాలన్న వాళ్లలో మనమూ ఉన్నాం. సొంత పిల్లల్ని కాన్వెంటుకి పంపి, మన పిల్లలకి మాతృభాష గొప్పతనం బోధించే పెద్దమనుషులకి ఆ లెక్కే జవాబు.

కానీ మనలో మనం ఒక మాట అనుకోవాలి. బోర్డు మారినంతలో నోరు రాదు. పాఠం ఇంగ్లీషులో చదివి, అర్థం తెలుగులో చెప్పి, గైడులో జవాబు బట్టీ పట్టిస్తే, మీడియం ఏదైనా పిల్లాడు మూగవాడే. ఇదివరకు ఒక భాషలో మూగ. ఇప్పుడు రెండు భాషల్లో.

ఈ మూగతనం దేవుడిచ్చింది కాదు, కులం ఇచ్చింది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యాలనీ, వల్లిస్తే నాలుక కొయ్యాలనీ గౌతమ ధర్మసూత్రం శాసించింది. శూద్రుడికే ఆ శిక్షయితే ఊరవతల పెట్టిన మన గతేంటి? ఇవాళ సీసం అక్కర్లేదు, ఒక్క నవ్వు చాలు. మన పిల్ల 'ఇస్కూలు' అంటే క్లాసంతా నవ్వుతుంది. ఇంట్లో మాట బళ్లో అంటే 'పేట భాష' అని వెక్కిరింత. ఇంగ్లీషూ నీది కాదు, తెలుగూ నీది కాదు అన్నాక ఆ పిల్ల ఏ భాషలో మాట్లాడుతుంది? వెనక బెంచీలో కూచుని నోరు మూసుకుంటుంది. ఆ నోరు తెరిపించడమే ఇంగ్లీషు మాస్టారి మొదటి పని. గ్రామరు తర్వాత.

ఎలాగంటారా? లెక్క చూడండి. 45 నిమిషాల పీరియడు, 40 మంది పిల్లలు. ఒక్కొక్కర్నీ లేపి అడిగితే తలకి ఒక్క నిమిషం, అదీ మాస్టారు అసలు మాట్లాడకుండా ఉంటే. అదే ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే ఒకేసారి 20 మంది నోళ్లు ఆడతాయి. పది నిమిషాల్లో ప్రతి పిల్లకీ అయిదు నిమిషాల మాట దక్కుతుంది. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, ఏసీ గది అక్కర్లేదు. మాట తడబడితే మధ్యలో కొయ్యకూడదు. ఇంగ్లీషు మాట దొరక్కపోతే తెలుగు మాట వేసి వాక్యం పూర్తి చెయ్యనివ్వాలి. జవాబులే కాదు, ప్రశ్నలు కూడా పిల్లలే అడగాలి. ప్రశ్న అడిగినవాడికి భయం పోతుంది.

రెండోది సొంత పని. బళ్లో దాన్ని ప్రాజెక్టు అంటున్నారు. ఇప్పుడు జరుగుతున్న ప్రాజెక్టేంటి? ఫ్యాన్సీ షాపులో బొమ్మలు కొని అట్ట మీద అంటించడం. అందులో పిల్లాడి మాట ఒక్కటి లేదు. మన పేటలో ప్రాజెక్టులకి కరువా? కొబ్బరి దింపు తీసే మామయ్యని చెట్టుకెంత ఇస్తారో అడిగి, అంబాజీపేట మార్కెట్లో కాయ ధరెంతో కనుక్కుని, రెండూ పక్కపక్కన పెట్టి ఇంగ్లీషులో ఒక పేజీ రాయమనండి. గల్ఫు నుంచి వచ్చిన పిన్నిని పది ప్రశ్నలు అడిగి ఆమె కథ రాయమనండి. శ్మశానానికి దారి లేకపోతే తహసీల్దారుకి అర్జీ రాయించండి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. రాసింది క్లాసులో నిలబడి చెప్పించండి. తనకి తెలిసిన సంగతి చెప్పేటప్పుడు ఏ పిల్లా వణకదు.

ఇది మార్కుల సంగతి కాదు, ప్రాణాల సంగతి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. ఇలాంటి ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయం సేకరించేటప్పుడు, 2006 నోటిఫికేషన్ ప్రకారం తెలుగులో సారాంశం ఇస్తే చాలు. వందల పేజీల అసలు రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదివి, సభలో లేచి, ఫలానా పేజీలో ఇలా రాశారేం అని అడిగే మనిషి మన పేట నుంచి రావాలా వద్దా?

తెలుగు ఏమైపోతుందని అడుగుతున్నారు. అంబేద్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు మనోళ్ల హక్కుల గురించి ఇంగ్లీషులో వాదించాడు. మరుసటేడే మరాఠీలో 'మూక్ నాయక్' పత్రిక పెట్టాడు. కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం హైకోర్టు వకీలు. కారంచేడు మారణకాండకి నిరసనగా ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి జనంలోకొచ్చారు, తెలుగులో రాశారు. ఏలేవాళ్లతో వాళ్ల భాషలో, మనవాళ్లతో మన భాషలో. మనకి రెండూ కావాలి.

అంబేద్కర్ పేరు జిల్లాకి పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అయినా ఆ పేరు నిలిచింది. ఆ పేరున్న జిల్లాలో మన పిల్లలు మూగగా మిగిలితే ఆ పేరుకేం గౌరవం?

అందుకే మేం అడుగుతున్నాం:

ప్రతి ఇంగ్లీషు పీరియడులో పది నిమిషాలు పిల్లల మాటకే వదలాలి.

ఉచ్చారణ చూసి, యాస చూసి నవ్వడాన్ని అవమానంగా లెక్కగట్టాలి. ఆ నవ్వు మాస్టారిదైతే మరీను.

ఏడాదికి రెండు ప్రాజెక్టులు పిల్లలు తమ పేట మీద తామే చెయ్యాలి, తామే చెప్పాలి.

మాట్లాడించడం నేర్పే శిక్షణ మాస్టర్లకివ్వాలి. వాళ్లలో చాలామంది మనలాగే భయపడుతూ చదువుకున్నవాళ్లు.

సర్కారు చేసేదాకా కూర్చోనక్కర్లేదు. పేటపేటకీ అంబేద్కర్ సంఘం ఉంది, కమ్యూనిటీ హాలుంది. చదువుకున్న కుర్రాళ్లు వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి. తప్పులు పోనివ్వండి. బోయి భీమన్న 'పాలేరు' రాసిన నాడు పోరాటం బళ్లోకి అడుగు పెట్టడానికి. ఇవాళ్టి పోరాటం బళ్లో నోరు తెరవడానికి.

జై భీమ్!