మోటారు కాలితే ఓల్టేజీని తిట్టి ఊరుకుందామా?

యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు వైండింగ్ షాపుల ముందు మోటార్లు వరుస కడతాయి. లో ఓల్టేజీ అని మనం అంటాం. ఓవర్‌లోడ్ అని అధికారులు అంటారు. రెండింటిలోనూ నిజముంది. కానీ స్టార్టర్ డబ్బా మూత తీస్తే ఇంకో కారణం కూడా కనపడుతుంది: నల్లగా మాడిన వైరు కొస.

మనలో చాలామందిమి వైరును పళ్లతో ఒలిచి, పోగులు మెలిపెట్టి, నట్టు కింద చుట్టి బిగించేస్తాం. సగం పోగులు బయటే ఉంటాయి. 5 హెచ్.పి. మోటారు నడిచేటప్పుడు సుమారు 7, 8 ఆంపియర్లు తీసుకుంటే, నేరుగా ఆన్ చేసిన క్షణాన దానికి ఐదారు రెట్లు లాగుతుంది. వదులు జాయింటు ఆ ధాటికి వేడెక్కుతుంది, చల్లారుతుంది, ప్రతిసారీ ఇంకొంత వదులవుతుంది. ఒక రోజు ఒక ఫేజు తెగిపోతుంది. మిగతా రెండింటి మీద మోటారు మూలుగుతూ మాడిపోతుంది. ఆటో స్టార్టర్ పెట్టి ఇంట్లో పడుకున్నాక ఆ మూలుగు వినేదెవరు?

సర్వీసు వైరు చాలాచోట్ల అల్యూమినియం, మోటారు వైరు రాగి. రెండూ కలిపి మెలిపెడితే తేమకు అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి పొడి రాలుతుంది. అక్కడ బైమెటల్ లగ్గే వాడాలి. లగ్గు వైరు సైజుకు సరిపోవాలి, క్రింపింగ్ ప్లయరుతో నొక్కాలి. సుత్తితో కొట్టి సరిపెట్టే అలవాటు మానుకోవాలి. బోరులో దిగే కేబులైతే మూడు జాయింట్లూ ఒకేచోట రాకుండా మెట్లుమెట్లుగా వేసి, దేనికది నీరు చొరని టేపు చుట్టాలి. లగ్గు ఖర్చు పదుల్లో, వైండింగ్ ఖర్చు వేలల్లో. ఈలోగా ఎండిన మడికి లెక్కే లేదు.

తప్పంతా రైతుదేనని మేం అనడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దగ్గరకు వెళ్లి చూడండి. ఫ్యూజుల స్థానంలో చుట్టిన తీగలు, లగ్గుల్లేని జంపర్లు, ఎండిపోయిన ఎర్తింగ్ గుంత. లైన్‌మన్ రాకపోతే రైతే చెయ్యి పెడుతున్నాడు. ప్రాణం పోతే అతని నిర్లక్ష్యమంటారు. ప్రమాదం జరిగితే విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయాలని, ప్రభుత్వం విచారణ జరిపించవచ్చని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ చెబుతోంది. ఆ విచారణ ఆఫీసులో కాదు, గద్దె దగ్గర జరగాలని మనం పట్టుబట్టాలి.

మన వంతుగా ప్రతి గ్రామ శాఖా ఒక క్రింపింగ్ ప్లయరు కొని ఉమ్మడిగా ఉంచుకోవాలి. కోతలయ్యాక, పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకుని, డబ్బాలన్నీ తెరిచి చూసుకుందాం. స్టార్టర్ ఆపితే చాలదు, లోపలికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. మెయిన్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తీసేసిన మాడిన కొసలను పారేయకండి. సంచిలో వేసి తెస్తే, గద్దెల ఫొటోలతో పాటు ఏఈ గారి బల్ల మీద పెడదాం.