చాటింపు మనమే వేసుకోవాలి

ఏప్రిల్ 14 దగ్గరపడితే మన వాడల్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి ఊళ్లోంచి వచ్చేది: "వీళ్లకి జెండాలూ డప్పులూ ఎక్కువైనయ్." రెండోది మనలోంచే వచ్చేది: "చందాలెత్తి పండగ చేస్తే కడుపు నిండుద్దా?" మొదటి మాటకు జవాబు అక్కర్లేదు. రెండోదానికి మాత్రం జవాబు చెప్పాలి. అందుకోసం ఈసారి అమెరికా నల్లజాతి ప్రజల పండగ గురించి మాట్లాడుకుందాం. బానిసత్వం పోయిన రోజని వాళ్లు ఏటా జూన్ 19న ఆ పండగ చేసుకుంటారు. పేరు జూన్‌టీన్త్. నెల పేరూ తేదీ కలిసిపోయి ఆ మాట పుట్టింది.

1863 జనవరి 1న అధ్యక్షుడు అబ్రహాం లింకన్, తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాల్లో బానిసలంతా ఇక స్వతంత్రులని ప్రకటించాడు. కాగితం మీద టెక్సాస్ బానిసలు ఆ రోజే విడుదలయ్యారు. పత్తిచేలల్లో మాత్రం కొరడా ఆగలేదు. పైగా యుద్ధం జరిగే చోట్ల నుంచి దొరలు తమ బానిసల్ని పశువుల్లా తోలుకొని టెక్సాస్‌కే పోయారు, అక్కడికి సైన్యం రాదని. 1865 జూన్ 19న జనరల్ గ్రాంజర్ గాల్వెస్టన్ రేవు పట్నంలో విడుదల ఉత్తర్వు ప్రకటించేదాకా అక్కడ దాదాపు రెండున్నర లక్షల మంది బానిసలుగానే ఉన్నారు. కబురు గుసగుసగా చాలామందికి తెలిసే ఉంటుంది. తెలిసి ఏం చేస్తారు? అమలు చేసే చెయ్యి లేదాయె! ఆ రెండున్నరేళ్లు తీసిన పత్తి ఎవరిది? ఆ డబ్బు ఎవరు తిన్నారు?

ఆ ఉత్తర్వునూ కాస్త నిదానంగా చదవాలి. యజమానికీ బానిసకూ హక్కుల్లో, ఆస్తి హక్కుల్లో కూడా పూర్తి సమానత్వం అన్నది. మంచి మాట. ఆ వెంటనే, ఉన్నచోటనే అణిగిమణిగి ఉండి కూలికి పని చేసుకోండి, సోమరిగా కూచుంటే పోషించేది లేదు అన్నది. తరతరాలు చాకిరీ చేసినోళ్లకు సోమరితనం మీద హితబోధ! ఈ గొంతు మనకేమైనా కొత్తా? ఇక భూమి సంగతి. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ సముద్రతీరపు దొరల భూముల్ని నల్లవాళ్ల కుటుంబాలకు 40 ఎకరాల దాకా పంచమని ఉత్తర్వు ఇచ్చాడు. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన జాన్సన్ ఆ ఏడాదే ఆ భూముల్ని తిరిగి దొరలకు ఇప్పించాడు. విడుదల దక్కింది, భూమి దక్కలేదు.

అయినా 1866 నుంచే వాళ్లు పండగ మొదలుపెట్టారు. ఊరి స్థలాల్లోకి రానివ్వకపోతే ఏటి ఒడ్డుకు పోయి చేసుకున్నారు. 1872లో హ్యూస్టన్ నల్లవాళ్లు తమ పాస్టర్ల నాయకత్వంలో పైసా పైసా పోగేసి, పండగ కోసమే పదెకరాలు కొన్నారు. దానికి విముక్తి పార్కు అని పేరు పెట్టారు. ఇవాళ్టికీ ఉంది. ఆ పండగలో ప్రార్థనలు, పాటలు, కాల్చిన మాంసం, పుచ్చకాయలు, ఎర్రటి షర్బతు, అన్నీ ఉంటాయి. వాటితోపాటు విడుదల ప్రకటనను అందరి ముందూ పైకి చదువుతారు. తొలిరోజుల్లో ఓటు హక్కు గురించి అక్కడే నేర్పారు. అంటే ఆ పండగే వాళ్లకు బడి, అదే సభ.

ఆ పండగంటే గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1939 జూన్ 19నే ఫోర్ట్‌వర్త్‌లో ఓ నల్లవాళ్ల ఇంటిని తెల్లవాళ్ల మూక ధ్వంసం చేసింది. ఆ ఇంటి పన్నెండేళ్ల పిల్ల ఓపల్ లీ. ఆమె పెద్దయి మాలాగే బడిపంతులమ్మ అయింది. ఈ రోజును దేశమంతా జరపాలని 2016లో, 89 ఏళ్ల వయసులో, వాషింగ్టన్‌కు నడక మొదలుపెట్టింది. పోయిన ఊరల్లా రెండున్నర మైళ్లు నడిచింది, ఏడాదికో మైలు లెక్కన. టెక్సాస్‌లో 1980 నుంచే ఉన్న సెలవు 2021లో దేశమంతటికీ సెలవయింది.

వాళ్ల బానిసత్వమూ మన అంటరానితనమూ ఒకటే అని మేం అనడం లేదు. కానీ చుట్టరికం పాతదే. జోతీబా ఫూలే 1873లో 'గులాంగిరీ' రాసి, బానిసల విడుదలకు పాటుపడ్డ అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు. అక్కడి ఆలస్యం రెండున్నరేళ్లయితే, మరి మన సంగతి? వెట్టిని నిషేధించిన రాజ్యాంగం 23వ అధికరణం 1950లో అమల్లోకి వచ్చింది. వెట్టి చాకిరీ రద్దుకు ఆర్డినెన్సు 1975 అక్టోబరులో, చట్టం 1976లో వచ్చాయి. పాతికేళ్లు! పాలేరన్నా, జీతగాడన్నా, అప్పు కింద కట్టేసిన చాకిరీ చెల్లదని, ఆ అప్పు రద్దని ఆ చట్టం చెప్పింది. చేయించినోడికి మూడేళ్ల దాకా జైలు. జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలు ఉండాలి.

ఊరి పెద్దల ప్రతి కబురుకూ డప్పు కొట్టి చాటింపు వేసింది మనవాళ్లే. పన్ను కట్టమని వేశాం, వేలం పాటకు రమ్మని వేశాం. మన విడుదల చట్టం వచ్చిన్నాడు మీ ఊళ్లో దండోరా వేయించారా? ఇంట్లో ముసలోళ్లను అడగండి. ఇటుక బట్టీల్లో అడ్వాన్సు పేరున కుటుంబాలకు కుటుంబాలు ఇంకా ఎందుకు ఇరుక్కుంటున్నాయో దాంతో అర్థమవుద్ది.

కాబట్టి పండగ చేద్దాం. ఖర్చు మన చందాలతోనే, ఏ దొర పందిరి కిందా వద్దు. దండ వేసి ఇంటికి పోకుండా, 17వ, 23వ అధికరణాల్నీ వెట్టి రద్దు చట్టాన్నీ మైకులో చదివి వినిపిద్దాం. చదువుకునే ఆడపిల్లల చేత చదివిద్దాం. అప్పు కింద పనిలో ఉన్నవాళ్ల పేర్లు అక్కడే రాసుకొని కలెక్టరుకు అర్జీ పెడదాం. మిగిలిన చందాతో వాడకు సొంతంగా ఓ జాగా కొనడానికి నిధి మొదలుపెడదాం. అలాంటి పండగ కడుపు నింపుద్దా అంటే, కడుపు కొట్టేవాడి చెయ్యి పట్టుకోవడం నేర్పుద్ది.

డప్పు మనది. ఈసారి కబురు కూడా మనదే కావాలి.

జై భీమ్!