కూలి అడగని పని

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో వెల లేని వస్తువు కనిపించదు. దిమ్మ రంగును బట్టి, గట్టిదనాన్ని బట్టి ధర పలుకుతుంది. రైతుకూ, వర్తకుడికీ, కళాసీకీ ఎవరి పాలు వారికి లెక్క ప్రకారం ముడుతుంది. ఇట్టి ఊరిలో పెరిగిన మనిషి దగ్గరకు పోయి, ‘ఒకడు రాత్రులు మేల్కొని పని చేస్తాడు, కూలి తీసుకోడు, చేసిన వస్తువును ఊరివారికే గాక దేశదేశాలవారికి ఇచ్చివేస్తాడు’ అని చెబితే అతనికి మొదట కలిగేది అనుమానం. ఊరికే ఎవరు చేస్తారు? అందులో ఏదో లాభముండి తీరాలి! ఈ అనుమానాన్ని అల్పబుద్ధి అని కొట్టివేయరాదు. పేరుమోసిన అర్థశాస్త్రవేత్తలు కూడ ఇరవై ఏళ్లకు పైబడి ఈ ప్రశ్ననే వేస్తున్నారు.

ఆ వర్తకుడి చేతిలోనే ఆ వస్తువు ఉన్నది. అతని ఫోను ఆండ్రాయిడ్‌ది అయితే దాని అడుగున పని చేసేది లినక్సు. హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో దాన్ని ఒక కాలక్షేపంగా మొదలుపెట్టాడు. అంతకు ఎనిమిదేళ్లు ముందు, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. ఆయన పట్టుదల వెనుక ఒక చిన్న కోపం ఉన్నది. ప్రయోగశాలలోని ముద్రణయంత్రంలో కాగితం ఇరుక్కున్నప్పుడు ఆ సంగతి పనివారికి తెలిసే ఏర్పాటు చేద్దామని ఆయన అనుకున్నాడు. దాని ప్రోగ్రాము మూలరచన తన దగ్గర ఉన్న మనిషి దాన్ని ఇవ్వనన్నాడు. మహోద్యమాలు మహాశయాలతోనే పుడతాయని నమ్మేవారికి ఈ కథ కొంచెం నిరాశ కలిగించవచ్చు.

మూలరచన చేతిలో ఉండటమంటే ఏమిటో అనకాపల్లివారికి చెరకుతో చెబితే సులభంగా పట్టుబడుతుంది. బెల్లం దిమ్మ కొన్నవాడు తినగలడు, అంతవరకే. చెరకు ముచ్చె తెచ్చుకున్నవాడు నాటగలడు, పెంచగలడు, మరుసటేడు పొరుగువాడికి ముచ్చెలు కోసి ఇవ్వగలడు. 1913 నుంచి ఈ ఊరిలో ఉన్న చెరకు పరిశోధనస్థానంలో పుట్టిన రకం ఒక చేనినుంచి మరొక చేనికి పోగలిగేది ఈ దారినే. ఓపెన్ సోర్స్ అనే మాటకు అర్థం ఇంతే. కంపెనీలు అమ్మే ప్రోగ్రాములు చాలావరకు దిమ్మలు. ఇవి ముచ్చెలు.

ఇక ఎందుకు చేస్తారన్న ప్రశ్న. కరీం లఖానీ, రాబర్ట్ వుల్ఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 287 పనులలో పాలుపంచుకునే 684 మందిని అడిగి, 2005లో గ్రంథస్థం చేసిన జవాబు ఆలోచించదగినది. అన్నిటికంటె బలమైన కారణం ఆనందమట. తన తెలివి ఆ పనిలో పూర్తిగా వినియోగమవుతున్నదన్న తృప్తి. దాని వెంట నేర్చుకోవాలన్న కోరిక, తన అవసరం తీర్చుకోవడం. ఇంకొక విశేషం: వారిలో నూటికి నలభైమంది ఆ పనికి ఎక్కడో జీతం తీసుకుంటున్నవారే. అంతకు ముందే, 2002లో, జోష్ లెర్నర్, జాన్ టిరోల్ అనే అర్థశాస్త్రవేత్తలు మరొక మాట చెప్పారు. నలుగురూ చూసే చోట చేసిన పని ఆ మనిషి సామర్థ్యానికి సాక్ష్యం. రేపటి ఉద్యోగానికి అదే సిఫారసు.

ఈ రెండు జవాబులకూ వైరమున్నట్లు వాదించేవారున్నారు. అనవసరమైన వాదం. సంగీతకచేరీ చేసే విద్వాంసుడు పాట మీద ప్రేమతో పాడుతున్నాడా, సంభావన కోసమా అని సభలో ఎవరూ తేల్చుకోరు. అనకాపల్లిలోనే ఎ.ఎం.ఎ.ఎల్. కళాశాల ఉన్నది. ఆ పొట్టి అక్షరాలను విప్పితే అందులో వర్తకసంఘం పేరూ ఉన్నది, లింగమూర్తి అనే ఒక మనిషి పేరూ ఉన్నది. పేరు ఉన్నందువల్ల అక్కడి చదువు విలువ ఒక వీసమైనా తగ్గలేదు. పేరు కోరడం తప్పు కాదు. పేరు మాత్రమే కోరడంలో చిక్కు ఉన్నది. ఆ సంగతి ముందు చెప్పవలసి వస్తుంది.

తెలుగువారి విషయంలో మరొక కారణం కూడ పని చేసింది. అది ఆ పరిశోధకుల పట్టికలలో అంత స్పష్టంగా కనిపించదు. దాన్ని రోషమనవచ్చు. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాలలో కంప్యూటరు మీద తెలుగు చదవబోయినవారికి తరచుగా అక్షరాలకు బదులు వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే స్థానం దొరికినా, వాటిని తెరమీద కూర్చే లిపి కావాలి, కీబోర్డు కావాలి, వాటితో వ్రాసేవారు కావాలి. తెలుగువారు తెలుగువారికి ఇంగ్లీషు అక్షరాలలో ఉత్తరాలు వ్రాసుకున్న కాలమది. ఆ లోటు తీర్చడానికి ఏ ప్రభుత్వ ఉత్తరువు కోసమూ చూడకుండా కొందరు పూనుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే లిపులను కూర్చి ఉచితంగా పంచిపెట్టారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేశారు. పాత లిపుల వ్రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే సాధనమూ ఆయనదే. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ యువకులను కూడగట్టి కంప్యూటరు మొత్తాన్నే తెలుగులో మాట్లాడించ పూనుకొన్నది.

ఇది తెలుగుదేశానికి కొత్త కాదు. బెజవాడలో 1914లో గ్రంథాలయ మహాసభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరంవారు, కృష్ణా కాలువల మీద పడవలలో పుస్తకాలు తిప్పినవారు, కూలి పుచ్చుకొని ఆ పని చేయలేదు. వారిలో దేశభక్తి ఉన్నది. పుస్తకాల పిచ్చి ఉన్నది. ఊరిలో నలుగురూ గౌరవిస్తారన్న ఆశ కూడ కొందరిలో ఉండి ఉంటుంది, ఉంటే ఏమి? కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వాన్ని తలకెత్తుకొని, అకారాది సంపుటాలు మూడు వెలువరించి, 1923లో గతించారు. ఆయన పోవడంతో పని కుంటుపడింది. అంతటి విద్వత్తు ఈనాడు వికీపీడియాలో వ్రాసే అందరినీ కలిపినా దొరకకపోవచ్చు. అయితే ఒకరు మానివేస్తే ఆ పని ఆగదు. పది చేతుల పనిలో ఉన్న లాభమిది. పాండిత్యానికి పాండిత్యం సాటి కాదని వాదించేవారు ఈ మాట గమనించాలి.

2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఎవరైనా పంపితే ఐఫోనులో సందేశాలు చదివే ప్రోగ్రాము కుప్పకూలేది. జ్ఞానానికి మొదటి అక్షరం వచ్చి పడితే తట్టుకోలేని యంత్రమని హాస్యమాడినవారూ ఉన్నారు. కొద్దిరోజులకే ఆ కంపెనీ సరిచేసింది, కాదనరాదు. కాని ఆ కొద్దిరోజులూ తెలుగు బాగా తెలిసిన నిపుణుడు ఒకడు లోపలికి తొంగిచూసి ‘తప్పు ఇదిగో’ అని దిద్దడానికి వీలు లేకపోయింది. తన భాషకు తాను బయటివాడై నిలబడటం కొందరికి మనసు కొరుకుతుంది. ఆ కొరుకుడే వారిని ఈ పనిలోకి దింపుతుంది.

అసలు వాలంటీరు అనే మాటకే ఆంధ్రదేశంలో అర్థం మారుతూ వచ్చింది. ఒకనాడు ఖద్దరు టోపీ పెట్టుకొని సభలో మంచినీళ్లు అందించేవాడు వాలంటీరు. 2019 తరువాత కొన్నేళ్లు, నెలకు అయిదువేల గౌరవవేతనం మీద ఇంటింటికీ తిరిగినవారిని ఆ మాటతో పిలిచారు. భాష అబద్ధమాడదు, కూలి తీసుకొనేవారినీ, తీసుకోనివారినీ ఒకే మాటతో పిలవడంలో ఏదో తికమక ఉన్నదని అది చెబుతూనే ఉంటుంది.

ప్రతిఫలం చూపితే ఏమవుతుందో 2020 అక్టోబరులో చూశారు. ఈ రకం పనులకు నాలుగు సవరణలు పంపినవారికి ఒక చొక్కా బహుమానమని ‘హాక్టోబర్‌ఫెస్ట్’ అనే ఉత్సవం ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. కాని చొక్కా కోసం వేలమంది ఒక కామా తీసివేసి, ఒక పొగడ్తమాట చేర్చి సవరణలని పంపసాగారు. ఆ చెత్త ఊడ్చుకోలేక పనివారు మొత్తుకున్నారు. నిర్వాహకులు ఆ నెల మొదటి రోజులలోనే నియమాలు మార్చుకోవలసివచ్చింది. రక్తదానానికి డబ్బిస్తే ఇచ్చే రక్తం నాణ్యత చెడుతుందని రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఒక పుస్తకం వ్రాశాడు. చొక్కాకు వచ్చినవాడు చొక్కాతో వెళ్లిపోతాడు.

అయితే ప్రతిఫలం లేకపోవడం అంతకంటె ప్రమాదకరమైన సందర్భాలున్నాయి. త్యాగం, త్యాగం అని పొగిడేవారు ఇక్కడ కొంచెం ఆగాలి. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం ఒకటి ఉన్నది. ఫైళ్లను కుదించడం దాని పని. లోకంలో లెక్కలేనన్ని కంప్యూటర్లలో ఉన్న ఈ సాధనాన్ని ఏళ్ల తరబడి సంరక్షించినవాడు దాదాపుగా ఒక్క మనిషి, జీతం లేకుండా, అలసిపోయి. ‘పని ఆలస్యమవుతున్నది, మరొకరికి అప్పగించరాదా’ అని అతన్ని కొన్ని పేర్లతో ఉత్తరాలు వేధించాయి. సాయం చేస్తానని ఓపికగా రెండు మూడేళ్లు వెంట తిరిగి నమ్మకం సంపాదించిన ఒక అజ్ఞాతవ్యక్తి 2024 ఆరంభంలో అందులో దొంగవాకిలి పెట్టాడు. తన కంప్యూటరులోకి ప్రవేశం అరక్షణం ఆలస్యమవుతున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి ఆ మార్చి నెలాఖరున అది బయటపడింది. లేకుంటే ఎన్ని సంస్థల తలుపులు తెరుచుకొని ఉండేవో! దొంగకు దొరికిన సందు ఆ మనిషి ఒంటరితనం.

త్యాగమని పేరు పెట్టగానే జీతమివ్వవలసిన బాధ్యత మాయమవుతుంది. హైదరాబాదులోనూ, విశాఖలోనూ ఈ ఉచిత ప్రోగ్రాముల పునాది మీద వ్యాపారం చేసే కంపెనీలకు కొదవ లేదు. తమ ఇంజనీర్లను వారంలో ఒక పూట, జీతం కోయకుండా, ఈ పనికి వదలమంటే అవి ఖర్చు లెక్క చూస్తాయి. బావిలో నీరు తోడుకొనేవారందరూ చేద గురించి మాత్రమే ఆలోచిస్తే పూడిక ఎవరు తీస్తారు? ఈ మాట చేదుగా ఉన్నా అనక తప్పదు.

స్వార్థంతో వచ్చినవారిని తరిమివేయమని దీని అర్థం కాదు. వచ్చే కారణం ఒకటి, నిలిచే కారణం మరొకటి. అనకాపల్లి ప్రాంతపు ఇంజనీరింగు కుర్రవాడు ఉద్యోగపు దరఖాస్తులో ఒక వాక్యం చేర్చుకోవడానికే మొదటిరోజు రావచ్చు. అతను చేసిన అనువాదం పల్లెటూరి మేనత్త ఫోనులో కనిపించిన రోజున లోపల ఏదో మారుతుంది. అతని తప్పు దిద్దిన మనిషి ఎక్కడో టెక్సాసులోనో, తెనాలిలోనో ఉంటాడు. మొగం చూడకపోయినా స్నేహం కుదురుతుంది. ఆ స్నేహం లేకుండా ఏళ్లతరబడి నిలిచేవారు అరుదు.

ఈ ఊరి కళాశాలలు చేయదగిన పని చేతిదూరంలోనే ఉన్నది. ముచ్చె, గానుగ, దిమ్మ: ఈ వృత్తిమాటలను అర్థాలతో, వాడుకతో విక్షనరీలో సమగ్రంగా చేర్చవచ్చు, చెరకు రైతుకు పనికివచ్చే ప్రోగ్రాములను అతని మాటలలోకి తేవచ్చు. పుస్తకాల తెలుగు కంటె ఆ తెలుగు తెలిసినవారు ఇక్కడే ఉన్నారు. మొదట పంపినవాటిలో తప్పులుంటాయి. వాటికి జవాబు రాకపోతే పిల్లలు మరునాటినుంచి కనిపించరు. కాబట్టి జవాబు వ్రాసే బాధ్యత ఏ అధ్యాపకుడిదో ముందే నిర్ణయించి, ఆ పనికి వారానికి రెండు గంటలు అతని పని లెక్కలోనే వేయాలి.