మైకు ఇచ్చారు, వార్త ఇవ్వలేదు

గత వారం మీడియా మీద రాసిన భాగం చదివి యూనివర్సిటీలో చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, కమ్యూనిటీ రేడియోలో వార్తలు చెప్పొద్దనే రూలు మంచిదే కదా? అమెరికా చిన్న పట్నాల్లో ఏఎం టాక్ రేడియో ఎంత విషం చిమ్మిందో తెలీదా?"

తెలుసు తమ్ముడూ. ఆ విషం ఎట్లా వచ్చిందో కూడా చూద్దాం.

టాక్ రేడియో అంటే పాటలు కాదు, మాటలు. శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడతారు. వివాదం ఉన్న విషయం మాట్లాడితే అవతలి పక్షానికీ చోటివ్వాలని 1949 నుంచి అక్కడ నియమం ఉండేది. 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాదే రష్ లింబా కార్యక్రమం దేశమంతా మొదలైంది. నల్లజాతి వాళ్లనూ, ఆడవాళ్లనూ ఎగతాళి చేయడం దాని సరుకు. 1996లో ఇంకో చట్టం వచ్చింది. దేశం మొత్తమ్మీద ఒక కంపెనీకి ఇన్నే స్టేషన్లుండాలన్న పరిమితి పోయింది. కొన్నేళ్లకే క్లియర్ ఛానెల్ అనే కంపెనీ చేతిలో 1,200కు పైగా స్టేషన్లు పడ్డాయి. స్టేషన్ ఊళ్లోనే ఉంది, గొంతు మాత్రం శాటిలైట్ నుంచి దిగింది. ఊరివాళ్ల చేతికి మైకు వచ్చినందుకు కాదు, వాళ్ల చేతిలోంచి పోయినందుకే విషానికి అంత దారి దొరికింది.

ఇక మన సంగతి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళా సంఘాలు లైసెన్సు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. 2006లో నిబంధనలు మారాక, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాల్లోకొచ్చింది. జనరల్ నర్సమ్మ లాంటి మన ఆడబిడ్డలు మైకు పట్టారు. విత్తనం, తిండి, పండుగ, పాట, అన్నీ మన యాసలోనే వినిపించాయి.

కానీ అవే నిబంధనలు వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయాలు వద్దన్నాయి. అంటే జొన్న విత్తనం ఎట్లా దాచుకోవాలో చెప్పొచ్చు. నిన్న రాత్రి వాడలో ఎవరిని కొట్టారో, పోలీసులు కేసు ఎందుకు కట్టలేదో చెప్పొద్దు. ప్రైవేట్ ఎఫ్‌ఎంకూ సొంత వార్తలు లేవు, నిజమే. అది సినిమా పాటల మీద బతుకుతుంది. మనకు ఆ వార్తే ప్రాణం. మరోపక్క, రాత్రి తొమ్మిదింటి డిబేట్లలో విద్వేషం అమ్ముకునే టీవీ ఛానళ్లకు వార్తలు చెప్పే అనుమతి ఉంది. ఇక ఈ నిషేధం ఆపింది విషాన్నా, మనల్నా?

మన మైకులోనూ అబద్ధం దొర్లొచ్చు. దానికి మందు నోరు కట్టేయడం కాదు. అవతలి పక్షానికి చోటు ఉండాలి, ఒకడి చేతిలో వంద స్టేషన్లు ఉండకూడదు. అమెరికా వదిలేసుకున్న ఆ రెండు నియమాలే మనం అడగాలి.

మీ క్యాంపస్‌లో కమ్యూనిటీ రేడియో ఉంటే దాని లైసెన్సు షరతులు తీసి చదవండి. వార్త మీద నిషేధం ఎత్తేయాలన్న డిమాండును మీ సంఘం తీర్మానాల్లోకి తెండి.

జై భీమ్.