గుండె చప్పుడు వినపడిన వేళ

పొద్దున్నే హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు వెళ్లే మెట్రోలో నిలబడితే ఒక సంగతి కంటపడుతుంది. చాలామంది మాటిమాటికీ మణికట్టు చూసుకుంటుంటారు. టైమ్ కోసమే అనుకుంటాం. కాస్త తొంగి చూస్తే పక్కనున్న కుర్రాడి వాచీ మీద చిన్న ఎర్ర గుండె బొమ్మ, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఎనభై ఆరు, తొంభై నాలుగు. మెట్లెక్కి వచ్చినందుకు అంకె కొంచెం పెరిగి ఉంటుంది. అయినా ఆ కుర్రాడి ముఖంలో రంగు మారుతుంది.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ లక్షలో ఒక్కటి కూడా మనకు తెలియకుండా జరిగిపోవడమే ఆరోగ్యమని ఇన్నాళ్లూ అనుకున్నాం. తెలిసిందంటే గాభరా. ఛాతీలో ఏదో ఒక్కసారి ఎగిరిపడినట్టు, క్షణం ఆగి మళ్లీ దభీమని మొదలైనట్టు, గొంతు దాకా తన్నుకొచ్చినట్టు ఉంటుంది. పాల్పిటేషన్స్ అని రాస్తారు డాక్టరు చీటీలో. ఇంట్లో మనం దడ అంటాం.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఐటీలో పనిచేసే పిల్లలను కదిలిస్తే, నెమ్మదిగానైనా ఈ దడ ప్రస్తావన వస్తుంది. అదీ ఎక్కువగా రాత్రి సంగతే. అమెరికా వేళలకు కాల్స్ ఉంటాయి. రిలీజ్ ఉన్న రోజు భోజనం వాయిదా పడుతుంది, కాఫీ మాత్రం పడదు. క్యాబ్ దిగి గదికి చేరి, లైటు ఆర్పి ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోగానే దిండులోంచి గుండె చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు కొత్తదేమీ కాదు. ఎడమ పక్కకు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరగా వస్తుంది. పైగా చుట్టూ నిశ్శబ్దం.

పీజీ గదిలో పక్క మంచం మీది వాడిది వేరే షిఫ్టు, మంచి నిద్రలో ఉంటాడు. అమ్మకు ఫోన్ చేద్దామంటే నిజామాబాద్‌లోనో నరసరావుపేటలోనో ఆవిడ పడుకుని ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే ముందు ఆవిడ గుండె జారిపోతుంది. ఇక మిగిలింది చేతిలోని ఫోను. అందులో వెతికితే నాలుగు నిమిషాల్లో దడ కాస్తా గుండెపోటు దాకా వెళ్తుంది. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది పెరిగితే గుండె ఇంకా వేగం అందుకుంటుంది. ఆ గుండెను చూసి మనిషి ఇంకా భయపడతాడు.

ఆ భయాన్ని కొట్టిపారేయలేం. జిమ్ములో, పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టుండి కూలిపోయిన యువకుల వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. వాటితో పాటు ఇంకో వీడియో కూడా వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఒక యువకుడు కుప్పకూలితే, సైబరాబాద్ ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజశేఖర్ రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టారు. ఆ మరుసటి నెలలోనే రాష్ట్రంలో, ఇలా ఛాతీ నొక్కి గుండెను నిలబెట్టే సీపీఆర్‌లో శిక్షణ మొదలైంది. ఆ వీడియో చూసినప్పుడల్లా మనసు నిండుతుంది.

ఒక తేడా మాత్రం ఆ అర్ధరాత్రి వేళ గుర్తుండాలి. గుండె ఆగిపోవడం వేరు, గుండె కొట్టుకుంటోందని మనకు తెలియడం వేరు. దడ అనిపించే సందర్భాల్లో చాలా వాటికి ప్రమాదం ఉండదు.

ఛాతీలో ఎగిరిపడినట్టు ఉండేది తరచూ ఒక అదనపు స్పందన. మేళంలో డోలు దెబ్బ ఒకటి వేళకు ముందే పడినట్టు, గుండె ఒకసారి తొందరపడుతుంది. ఆ తర్వాత చిన్న విరామం. ఆ విరామంలో గుండెలోకి కొంచెం ఎక్కువ రక్తం చేరుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ బలంగా పడుతుంది. మనల్ని ఉలిక్కిపడేలా చేసేది ఆ దెబ్బే. నిద్ర లేకపోయినా, కాఫీ, సిగరెట్, ఎనర్జీ డ్రింకులు ఎక్కువైనా, నీళ్లు తాగకపోయినా ఇవి పెరగవచ్చు. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు, ఆయాసానికి పీల్చే కొన్ని మందులు కూడా దడ పుట్టిస్తాయి. జ్వరంలోనూ, గర్భం దాల్చినప్పుడూ గుండె వేగం పెరుగుతుంది.

ఇంకో రెండు కారణాలు మన ఇళ్లలో తరచూ దాగి ఉంటాయి. ఒకటి రక్తహీనత, రెండోది థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ మోస్తున్న ఆడవాళ్లు దడగా ఉందంటే టెన్షన్ పడకమ్మా అని పంపేస్తుంటారు చుట్టుపక్కల వాళ్లు. ఒక చిన్న రక్తపరీక్ష చేయిస్తే ఆ టెన్షన్‌కు అసలు పేరు తెలియవచ్చు. అప్పుడు చికిత్సా ఉంటుంది.

పాత రోజుల్లో ఊళ్లో డాక్టరు గారు ముందు మణికట్టు పట్టుకునేవారు. గోడ గడియారం వైపు చూస్తూ, పెదవులు కదపకుండా లెక్కపెట్టేవారు. ఆ ఒక్క నిమిషం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడేది. ఆయన చెయ్యి వదిలి, ఏం భయం లేదు, మజ్జిగ తాగి పడుకోమనగానే సగం దడ అక్కడే దిగిపోయేది. వాచీలోని అంకె తప్పని అనలేం, అది ఉపయోగపడేదే. కానీ భయం లేదని అది చెప్పలేదు.

ఆ డాక్టరు గారు చేసిన పని మనమూ చేయవచ్చు. బొటనవేలు వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. కదలకుండా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 వరకు మామూలే. అంకె కన్నా తీరు ముఖ్యం. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిందా? దెబ్బలు సమంగా ఉన్నాయా, ఏ వరసా లేకుండా పడుతున్నాయా? ఎంతసేపు ఉంది, అప్పుడేం చేస్తున్నారు? ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి తీసుకెళ్తే డాక్టరుకు సగం దారి దొరికినట్టే.

హైటెక్ సిటీలో ఇప్పుడు రెండు తరాలు ఒకే క్యాంటీన్ వరసలో నిలబడుతున్నాయి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుల్లో, మాదాపూర్‌లో రాళ్ల గుట్టలు ఇంకా మిగిలి ఉన్నప్పుడు, పాతికేళ్ల వయసులో చేరిన వాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. ఇరవై నాలుగేళ్ల పిల్లకు వచ్చిన దడ, యాభై రెండేళ్ల మేనేజరుకు వచ్చిన దడ ఒకటి కావు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో వెల్లడించిన ఫలితాల్లో, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నాయి. నడుము కొవ్వు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటివి కలిసి వచ్చే స్థితి అది. వయసుతో, బీపీతో పాటు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పిన స్పందన వచ్చే అవకాశమూ పెరుగుతుంది. దాన్ని వదిలేస్తే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు. యాభై దాటిన వాళ్లు దడను అలసట కింద జమకట్టకుండా ఒకసారి ఈసీజీ తీయించుకోవడం మంచిది.

ఈసీజీ మామూలుగా ఉందని చాలామంది నిరాశగా ఇంటికొస్తారు. దడ లేని సమయంలో తీస్తే మామూలుగానే ఉంటుంది. అందుకే ఒకరోజో అంతకంటే ఎక్కువో ఒంటికి పెట్టుకుని తిరిగే హోల్టర్ యంత్రం ఇస్తారు. నార్మన్ హోల్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త తయారుచేసిన మొదటిదాన్ని వీపున మోయాల్సి వచ్చేది, బరువు 38 కిలోల దాకా ఉండేది. ఇప్పుడది చొక్కా కింద ఇమిడిపోతుంది.

తరచూ వచ్చే దడను, ఎక్కువసేపు ఉండే దడను ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, ఇదివరకే గుండె జబ్బు ఉంటే, పరుగెత్తుతున్నప్పుడో వ్యాయామం చేస్తున్నప్పుడో దడ వస్తుంటే ఇంకా త్వరగా వెళ్లాలి. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే తెల్లారే దాకా ఆగకూడదు. బండి తీసి మీరే నడుపుకుంటూ బయల్దేరవద్దు. 108కు ఫోన్ చేయండి.

అవేవీ లేకపోయినా భయంగా ఉంటే, అర్ధరాత్రి ఒంటరిగా ఫోను వెలుగులో కూర్చోకండి. లేచి నీళ్లు తాగండి. పక్క మంచం మీది వాళ్లను లేపి దడగా ఉందని చెప్పండి, మొహమాటపడకండి. తెల్లారాక ఇంటికి కూడా చెప్పండి.